కన్నుకొట్టే డబ్బాకు రెండో కన్ను

మొన్న పెర్కిట్‌లో కొత్తగా స్టిక్కర్ల దుకాణం పెట్టినతను నన్ను పిలిచి చాయ్ తాగించాడు. "తాతా, ఒక్క డబ్బాకు స్టిక్కర్ వెయ్యనీకి మీకు మూడు రోజులు పడుతుండెనట గదా. గన్ని రోజులు ఏం చేస్తుంటిరి?" అని అడిగాడు. అడగడంలో మర్యాద ఉంది, లోపల నవ్వూ ఉంది. అతని వెనకాల మిషను సర్రుమని అక్షరాలు కోసుకుంటూ పోతోంది. నేను చాయ్ తాగి, కప్పు కింద పెట్టి వచ్చేశాను. జవాబు ఇంటికొచ్చాక తట్టింది. నా జవాబులన్నీ ఇంటికొచ్చాకే తడతాయి. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో ఆర్మూరులో పనిలోకి దిగి, తొంభైల చివరిదాకా బండ్ల మీద పేర్లు, బొమ్మలు, స్టిక్కర్లు వేశాను. లారీలు, జీపులు, ఆటోలు చేశాను. అన్నిటికంటే ఎక్కువగా చేసినవి ట్రాక్టరు వెనక తగిలించే డబ్బాలు. కొత్త డబ్బాకు అందంగా బొమ్మ వెయ్యడం ఈ పనిలో చిన్న ముక్క. అది ఎవరైనా చేస్తారు, చెయ్యి కుదిరితే చాలు. అసలు పని పాతవాటితోనే ఉంటుంది. ఎండకు పగిలిన స్టిక్కరు, పసుపు బస్తాలు రాసుకుని చెరిగిన పేరు, డ్రైవరు గోడకు ఒరిపించి సగం పోగొట్టిన పువ్వు, ఇలాంటివి వస్తాయి. ఎంత తీయాలి, ఎంత ఉంచాలి అన్నది తేల్చుకోవడానికే నాకు మూడు రోజుల్లో ఒకటిన్నర రోజు పోయేది.

నాకొచ్చిన మెప్పులు, దుకాణం లైసెన్సు కోసం తిరిగిన ఆఫీసులు ఇక్కడ రాయను. అవి చదివితే మీరెవరూ ఈ పనిలోకి రారు. నేను చేసిన తప్పులు రాస్తాను. వాటిలో కొంత కాలక్షేపమైనా ఉంటుంది.

ఉస్తాద్ బీడీ

నాకు పని నేర్పింది విఠల్ ఉస్తాద్. నాందేడ్ వైపు నుంచి వచ్చి, ఆర్మూరు పాత బస్టాండు దగ్గర దుకాణం పెట్టుకున్న మనిషి. మరాఠీలో లెక్కపెట్టి, ఉర్దూలో తిట్టి, తెలుగులో పని చెప్పేవాడు. పని బాగా కుదిరిన రోజు మూడు భాషల్లోనూ ఏమీ మాట్లాడేవాడు కాదు. ఆ మౌనాన్ని మెచ్చుకోలుగా అర్థం చేసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆయనకొక అలవాటు ఉండేది. పాత బొమ్మ ఉన్న బండి ఏదొచ్చినా ముందు ముట్టుకునేవాడు కాదు. రోడ్డు దాటి అవతలికి పోయి, మూసిన కొట్టు గడప మీద కూర్చుని, బీడీ ముట్టించి, బండి వైపు చూస్తూ ఉండేవాడు. బండి యజమాని మా దగ్గర నిలబడి గొణుక్కునేవాడు. ఒకసారి నేనే పోయి అడిగాను, ఇంత దూరం నుంచి ఏం కనబడుతుంది ఉస్తాద్ అని.

"బండి కొన్నోడు దగ్గర్నించి చూస్తడు," అన్నాడాయన. "బండిని గుర్తువట్టేటోడు దూరం నుంచి చూస్తడు. కొన్నోడు నీ దుకాణంకి వస్తడు. గుర్తువట్టేటోడు రాడు. గాయన తరఫున నువ్వే చూడాలె."

నేను తలూపాను. మనసులో మాత్రం, పని ఎగ్గొట్టి బీడీ తాగడానికి ఈయన ఎంత చక్కటి కారణం కనిపెట్టాడు అనుకున్నాను. నాకు బీడీ అలవాటు లేదు కాబట్టి ఆ పాఠంతో నాకు పని లేదని కూడా అనుకున్నాను. ఆయన చేతిపని మాత్రం మొత్తం నేర్చుకున్నాను.

ఆ చేతిపని కొంచెం చెబుతాను, ఎందుకంటే ఇది మీ మిషను చెయ్యదు. పాత స్టిక్కరును పొద్దున చలిలో గోకితే పెంకుల్లా విరుగుతుంది. మిట్టమధ్యాహ్నం లాగితే సాగిపోయి, జిగురంతా రేకు మీదే వదిలేస్తుంది. పదిగంటల ఎండ మంచిది. అంత ఎండ లేకపోతే వేడినీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు అదిమిపెట్టాలి. తర్వాత బ్లేడును రేకుకు ఆనించి ఒక మూల లేపి, ఆ మూలను వెనక్కి మడుస్తూ మెల్లగా లాగాలి. మిగిలిన జిగురుకు కిరసనాయిలు, కిరసనాయిలు జిడ్డుకు సబ్బునీళ్లు. కొత్త స్టిక్కరు వేసేముందు రేకు మళ్లీ తడిపితే అది వెంటనే పట్టుకోదు, అటూ ఇటూ జరుపుకోవచ్చు. సైకిలు ట్యూబు చుట్టిన చెక్కతో మధ్యలోంచి అంచులకు నీళ్లు తోయాలి. బుడగ వస్తే సూదితో పొడవాలి. చివరగా అంచు వెంట సన్నగా వార్నిష్ గీత గియ్యాలి. ఆ గీత సరిగ్గా పడితే వానాకాలాలు పోయినా స్టిక్కరు లేవదు.

వియ్యంకుడి నీడ

ఉస్తాద్ పని మానేశాక నేను పెర్కిట్ మలుపులో, హైవే పక్కన సొంతంగా కూర్చున్నాను. మొదటి ఏడాదే ఇందల్వాయి నుంచి భూమన్న అనే రైతు పాత డబ్బా ఒకటి తెచ్చాడు. తన వియ్యంకుడి దగ్గరే కొన్నాడట. దాని వెనక పలక మీద వియ్యంకుడి పేరు పెద్ద స్టిక్కరుగా ఉంది. "గిది తీసి నాది వెయ్యి," అన్నాడు.

తీశాను. జిగురు తుడిచాను. అటు చివరన చిన్న అక్షరాల్లో, భూమన్న కోరినట్టే, ఆయన పేరు వేశాను. సంతోషంగా తీసుకుపోయాడు. నాలుగో రోజు పొద్దున అదే డబ్బా నా దుకాణం ముందు ఉంది. స్టిక్కరు ఉన్నచోట రంగుకు ఎండ తగల్లేదు, కిరసనాయిలు జిడ్డు మెరుపులో ఆ తేడా నాకు ఆ రోజు తెలియలేదు. చుట్టూ వెలిసిపోయిన ఎరుపు, మధ్యలో కొత్త ఎరుపులో వియ్యంకుడి పేరు పెద్దగా, శుభ్రంగా, ముందుకంటే స్పష్టంగా నిలబడి ఉంది. దాని మూలన భూమన్న పేరు వియ్యంకుడి జీతగాడిలా ఉంది.

"నిన్న మా వియ్యంకుడు వచ్చిండు," అన్నాడు భూమన్న. "డబ్బా చుట్టు తిరిగి చూసి, బావా నా మీద గింత ప్రేమనా అన్నడు. నేనేం చెప్పాలె?"

రెండు రోజులు పాలిష్ పెట్టి రుద్ది రుద్ది ఆ నీడను పోగొట్టాను. చేతులు వాచాయి. స్టిక్కరు ఊడితే పాతది పోయిందని అనుకోకండి. కింద రేకుకు దాని జ్ఞాపకం ఉంటుంది. ఈ తప్పు ఈ పనిలో ప్రతివాడూ ఒకసారి చేస్తాడు. నేను ఇక చెప్పబోయేది మాత్రం అందరూ చేసేది కాదు. దానికి కొంచెం గర్వం కావాలి, అది నాకు సరిపడా ఉండేది.

ఖాజా సాబ్ డబ్బా

మా వైపు ఊళ్లలో ఖాజా సాబ్‌ను ఎరగనివాళ్లు తక్కువ. కళ్లు పరీక్ష చేసి చష్మాలు అమ్మేవాడు. ఆయనకు కొట్టు లేదు. ఇనుప కమ్మీలకు రేకులు బిగించి, రెండు చక్రాల మీద పెట్టి, పాత జీపుకు తగిలించిన డబ్బా ఒకటి ఉండేది. దానికి ఒక పక్క రేకు పైకి లేస్తే పందిరి అయ్యేది, కింద స్టూలు వేస్తే దుకాణం అయ్యేది. లోపల సగంలో ఫ్రేములు, అద్దాలు ఉండేవి. మిగతా సగంలో మంచం, స్టవ్వు, ఆయన భార్య హలీమా భాభీ సామాను. చష్మా కాడలు వేడినీళ్లలో ముంచి చెవికి సరిపడా వంచడం భాభీ పని. ఆడవాళ్లు ఆమె చేతిలోనే చెవి పెట్టేవాళ్లు.

వాళ్లకు ఏడాదిలో బతుకంతా మూడు నెలలే. పసుపు తవ్వకాలు మొదలైన దగ్గర్నుంచి మార్కెట్ అయ్యేదాకా. అప్పుడు జనమంతా కల్లాల దగ్గర ఉంటారు. పసుపు కొమ్ములు ఏరుతుంటేనే చాలామందికి తమకు కళ్లు ఆనడం లేదని తెలుస్తుంది. ఖాజా సాబ్ కల్లం నుంచి కల్లానికి డబ్బా లాక్కుని తిరిగేవాడు.

ఆ డబ్బాకు పందిరి పక్కనే ఉన్న పలక మీద రెండు పెద్ద కళ్ల స్టిక్కరు ఉండేది, ఎప్పుడో హైదరాబాదులో వేయించింది. ఏళ్ల ఎండకు కుడికన్ను పైభాగం చుట్టుకుపోయి ఊడింది. మిగిలిన కింది సగం చూస్తే ఆ బొమ్మ కన్నుకొడుతున్నట్టు ఉండేది. ఊళ్లలో దాన్ని కన్నుకొట్టే డబ్బా అనేవాళ్లు. నేనూ అలాగే అనేవాణ్ని. అంటూనే ఆ మాట చెవికెక్కించుకోలేదు.

తొంభైలు మొదలైన కొత్తలో ఒక ఏడాది, తవ్వకాలకు వారం ముందు, ఖాజా సాబ్ డబ్బాను నా దగ్గరకు తెచ్చాడు.

"అంచు ఇంకా లేస్తుంది భాయ్. ఊడేదాన్ని జర అతికియ్యి చాలు," అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పక్కవాడికి మాత్రమే వినబడేంత ఉంటుంది.

భాభీ డబ్బా మెట్టు మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. "మా అన్నది బోధన్‌ల చష్మాల దుకాణం ఉన్నది గదా. ఏటా రమ్మంటడు. డబ్బా అమ్మి, వచ్చి నా దుకాణంల కూసోమంటడు. పోయిన రెండేండ్లు గిరాకి మంచిగ లేదు. గీ ఏడు గూడ గట్లనే అయితే వస్తమని ఈయన మాటిచ్చిండు. ఈయనకు ఒకరి దుకాణంల కూసునుడు రాదు. నాకు నాలుగు గోడల నడుమ కూసునుడు రాదు. మంచిగ చెయ్యుండ్రి భాయ్ సాబ్."

ఆమె మంచిగ అంటే అతికించడం మంచిగ అని. నేను విన్నది వేరు. నా దగ్గర అప్పుడే హైదరాబాదు నుంచి దిగిన రేడియం స్టిక్కరు చుట్టలు ఉన్నాయి. వెలుగు పడితే మెరిసే తెల్లది, నల్లది. వాటిని ఎక్కడ వాడదామా అని చేతులు దురదపెడుతున్నాయి. మీరు కూర్చుని చూడండి సాబ్, మీ డబ్బా చుట్టుపక్కల పది ఊళ్లకు కనబడేటట్టు చేస్తాను అన్నాను. ఖాజా సాబ్ వద్దనబోయి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన మంచితనం వల్ల జరిగిన నష్టాల్లో అది మొదటిది.

పాతది పూర్తిగా తీసేశాను. భూమన్న గుర్తుండి, కింది నీడ పోయేదాకా పాలిష్ పెట్టాను. కొత్త కళ్లు పాతవాటికి ఒకటిన్నర రెట్లు పెద్దవి కోశాను. తెల్లగుడ్డు తెల్లగా, నల్లగుడ్డు నల్లగా, ఒక్కొక్క రెప్పవెంట్రుక విడివిడిగా. అంచు వెంట వార్నిష్ రెండుసార్లు. హైవే మీద పోయే లారీవాళ్లు వేగం తగ్గించి చూసిపోయారు. రోడ్డు దాటి అవతలికి పోయి నేను మాత్రం చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, నేనే కదా చేసింది.

భాభీ చాలాసేపు చూసి, "మస్తుగున్నది. ఎవరో మనల్నే చూస్తున్నట్టుంది," అంది. నేను దాన్ని పొగడ్తల్లో వేసుకున్నాను.

ఎవరూ రాని కల్లాలు

తవ్వకాలు మొదలైన పదిహేను రోజులకు ఖాజా సాబ్ వచ్చాడు. చాయ్ తెప్పిస్తే చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"ఇందల్వాయి దిక్కు మూడు ఊర్లు తిరిగినం. ఒక్కలు రాలే," అన్నాడు. "ఎన్నడు లేంది, డబ్బా జర అటు పెట్టుకో సాబ్ అంటున్నరు. కల్లం కాడ ఆగనిస్తలేరు. ఒక ఊర్ల ఎవరో బొమ్మ మీద గోనెసంచి కప్పిపోయిండ్రు."

నా పనిలో ఏమైనా తేడా ఉందా సాబ్ అని అడిగాను. ఆయన వెంటనే తల అడ్డంగా ఊపాడు. "నీ పనిల ఏం తప్పు లేదు భాయ్. జనాలకే ఏమైందో." తిట్టి ఉంటే నాకు కొంత హాయిగా ఉండేది. భాభీ మాత్రం డబ్బా దిగలేదు. లోపల సామాను సర్దుతున్న చప్పుడు వినిపించింది. అప్పటికే కొన్ని గిన్నెలు మూటకట్టిందని తర్వాత తెలిసింది.

నేను ఆలోచించి ఒక కారణం కనిపెట్టాను. బొమ్మ మారేసరికి ఎవరో కొత్తవాడు వచ్చాడనుకుంటున్నారు, అంతే. కళ్ల కింద పెద్ద అక్షరాలతో 'మన పాత ఖాజా సాబ్' అని అంటించి పంపాను. ఇంకో పదిహేను రోజులకు మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ కూడా వద్దన్నాడు. పసుపు కాలంలో నెలరోజులు అయిపోయాయి. మిగిలిన కల్లాల్లో ఆలూరువే పెద్దవి, అక్కడ కూడా ఎవరూ రాకపోతే బోధన్‌కు కబురు పెడతానని చెప్పాడు.

ఒకరి డబ్బా అందంగా చేసి వాళ్ల కడుపు మీద కొట్టాను, అదీ ఎలా కొట్టానో తెలియకుండా. పనిముట్ల పెట్టె సర్దుకుని, రేపు ఆలూరుకు నేనూ వస్తాను అన్నాను.

ఆలూరులో

ఆలూరు దగ్గర కల్లాల పక్కన డబ్బా ఆపి, ఖాజా సాబ్ పందిరి లేపాడు. ఎండ చక్కగా కాస్తోంది. ఒక వైపు పెద్ద కడాయిలో పసుపు ఉడుకుతోంది, ఇంకో వైపు ఉడికింది ఆరబోసి ఉంది. మేము స్టూలు దించేలోపే ఇద్దరు ఆడవాళ్లు లేచి, ఆరబోసిన పసుపు మీద తాడిపత్రి పట్టా కప్పారు. అంత ఎండలో, ఆరాల్సిన పసుపు మీద. తర్వాత మాకు వీపులు తిప్పి కూర్చుని కొమ్ములు ఏరుకోసాగారు.

నేను ఆగలేక అక్కడికి వెళ్లాను. అందరిలోకీ పెద్దది ముత్తవ్వ. ఆ కల్లం వాళ్లదే. చేట ఒళ్లో పెట్టుకుని, కొమ్ములను కళ్లకు అర అడుగు దూరంలో పట్టుకుని చూస్తోంది. నా వెనకే వచ్చిన ఖాజా సాబ్‌ను చూసి తనే పలకరించింది.

"ఏమయ్యా ఖాజా, గీసారి ఎవర్ని ఎంటవెట్టుకొచ్చినవు?"

"ఆర్మూరు పెయింటర్ అవ్వా, గంగాధర్."

"గీ పిలగాన్ని కాదు అడిగేది. గాయన్ను," అని చేటతో డబ్బా వైపు చూపింది.

"గది బొమ్మ అవ్వా," అన్నాను నేను.

"బొమ్మని నాకెర్క లేదా? పాతది గూడ బొమ్మనే. గది కన్నుగొడుతుండె. మా కోడండ్లు నవ్వుకుంట ఎదురువోతుండిరి. గీయన గుడ్లప్పగించి చూస్తున్నడు. పొద్దుందాక రెప్ప గూడ ఏస్తలేడని పక్కూర్లోళ్లు ముందే చెప్పిండ్రు. తొమ్మిది నెలల పంట బిడ్డా, ఉడకవెట్టి ఎండల పోసినం. దాని ముంగట గసొంటి కండ్లు పెడితే దిష్టి తాకదా?"

నేను డబ్బా వైపు తిరిగాను. కల్లంలో పసుపు పక్కన నిలబడి దాన్ని చూడటం అదే మొదటిసారి. రెండు పెద్ద కళ్లు రేడియం మెరుపుతో సరిగ్గా తాడిపత్రి మీదికే చూస్తున్నాయి. నాకే ఎక్కడైనా దాక్కుందామనిపించింది. ఉస్తాద్ రోడ్డు అవతల కూర్చుని ఎవరి తరఫున చూసేవాడో అప్పుడు తెలిసింది, పదేళ్లు ఆలస్యంగా.

"గీ మాట నాకు ఒక్కలన్న చెప్పలేదు గదా అవ్వా," అన్నాడు ఖాజా సాబ్.

"నీ మొకం చూసి ఎట్ల చెప్తం? మస్తు సంబురంగ వేయించుకున్నవు అనుకున్నం." ముత్తవ్వ చేట పక్కన పెట్టింది. "ఎవరు చేసిండ్రు గిది?"

"హైదరాబాదుల," అన్నాడాయన వెంటనే. నన్ను కాపాడటానికి. ఆయన అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే, అది కూడా సరిగ్గా చెప్పలేకపోయాడు.

"నేనే చేసిన అవ్వా," అన్నాను.

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "మంచిగనే చేసినవు బిడ్డా. గంత మంచిగ ఎవరు చెయ్యమన్నరు?"

ఏరుతున్న ఆడవాళ్లందరూ అప్పుడు మావైపు తిరిగారు. మా వెనక నిలబడ్డ భాభీ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

పెట్టె తెచ్చి కుడికన్ను ముందు కూర్చున్నాను. బ్లేడు పెట్టి మూల లేపబోతే లేవలేదు. రెండుసార్లు వేసిన వార్నిష్ గట్టిగా పట్టుకుని ఉంది. నా జీవితంలో అంత బాగా అంచు కట్టిన స్టిక్కరు ఇంకోటి లేదు. చెమటలు పోస్తున్నాయి. వెనక నుంచి ఒక కోడలు, "జర మెల్లగ, కన్ను నొప్పైతది," అంది. ఇంకొకామె, "నీళ్లు కారుతున్నయి చూడు," అంది. కారుతున్నవి నా చెమటలు.

వేడినీళ్లు కావాలన్నాను. భాభీ స్టవ్వు ముట్టించబోతుంటే ముత్తవ్వ, "గన్ని నీళ్లు కాగుతుంటే మళ్ల స్టవ్వెందుకు," అని కడాయిలోంచి ఒక బకెట్ ముంచి ఇప్పించింది. పసుపు ఉడికిన నీళ్లు. గోనెముక్క అందులో ముంచి కంటి మీద అదిమిపెట్టాను. రెండోసారికి జిగురు మెత్తబడింది. నాలుగోసారికి పైభాగం చేతికొచ్చింది, సగం తెల్లగుడ్డు, సగం నల్లగుడ్డు. కింది వంపు అలాగే ఉంచాను. తుడిచి చూస్తే, రేకు మీది లేత రంగు పసుపునీళ్లు పీల్చి, ఊడినచోటంతా పచ్చబడింది. పసుపు రాసుకున్న రెప్ప వాలినట్టుంది. కిరసనాయిలుతో రుద్దబోయాను.

"ఇగ ముట్టకు," అంది ముత్తవ్వ. "గిప్పుడు మనిషిలెక్క ఉన్నడు."

ఈసారి నేను లేచి కల్లం అవతలి గట్టుదాకా నడిచిపోయి, అక్కడ కూర్చుని చూశాను. డబ్బా కన్నుకొడుతోంది. నేను చూస్తుండగానే ఆ ఇద్దరు ఆడవాళ్లు తాడిపత్రి లాగి మడతపెట్టారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడినట్టు తుడుచుకున్నాను.

తిరిగొచ్చేసరికి ముత్తవ్వ స్టూలు మీద కూర్చుని ఉంది. ఖాజా సాబ్ నాలుగైదు అద్దాలు మార్చి చూపించాడు, భాభీ కాడలు వంచి చెవులకు సరిచేసింది. అవ్వ చష్మా పెట్టుకుని చేట ఒళ్లోకి తీసుకుంది. కొమ్ముల్లోంచి ఒక రాయి తీసి పారేసింది, ఇంకో రాయి తీసింది. "ఇన్నొద్దులు గివన్ని పసుపే అనుకున్న," అని గొణిగింది. తర్వాత లేచి డబ్బా దగ్గరకొచ్చి, నేను వదిలిన ఎడమకన్నుకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడింది.

"ఇటు రా బిడ్డా," అని నన్ను పిలిచింది. "గీ అంచులు ఏంది, ఎలుక కొరికినట్టున్నయి?"

వంగి చూశాను. నా కంటికి గీత నున్నగా ఉంది. అవ్వకు చష్మా కొత్త కదా అనుకున్నాను. అయినా వేలితో అంచు తడిమాను. వేలికి గరుకుగా, పళ్లు పళ్లుగా తగిలింది. మళ్లీ చూశాను, నున్నగానే ఉంది. మళ్లీ తడిమాను.

"కూసో భాయ్," అన్నాడు ఖాజా సాబ్.

స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఇనుప ఫ్రేము నా ముక్కు మీద పెట్టి, అద్దం వేసి, తీసి, ఇంకోటి వేసి, నన్ను ఆ కన్ను వైపు తిప్పాడు. అంచంతా గాట్లు. బ్లేడు ఆగిన చోటల్లా ఒక మెట్టు. విడివిడిగా కోశాననుకున్న రెప్పవెంట్రుకల్లో రెండు కలిసిపోయి ఉన్నాయి. ఎన్నాళ్లుగా ఇలా కోస్తున్నానో, ఎన్ని బండ్లు నా పేరు మీద ఇలా తిరుగుతున్నాయో.

"ఎప్పటి సంది తెలుసు సాబ్?"

"రెండేండ్లాయె," అన్నాడాయన, తప్పు తనదైనట్టు. "స్కేలు మీద అంకెలు చెయ్యంత దూరం పట్టి చదువుతున్నవు. నేను చెప్తే, చష్మా అమ్మనీకి చెప్తున్నడు అనుకుంటవేమోనని ఊకున్న."

ఆయన కాలం నెలరోజులు నా వల్ల పోయింది. బోధన్ పోవాల్సిన పరిస్థితి నా వల్ల వచ్చింది. నా దుకాణంలో కూర్చుని, నీ పనిలో తప్పు లేదన్నాడు, లోపాలన్నీ కనబడుతూనే ఉన్నా. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ కలిగింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి బ్లేడు తీశాను. చష్మా ఎలాగూ పెట్టుకునే ఉన్నాను, ఆ అంచులైనా నున్నగా చేసిపెడదామని.

హలీమా భాభీ నా చేతిలోంచి బ్లేడు తీసుకుని పెట్టెలో వేసి, మూత పెట్టి, దాని మీద కూర్చుంది.

"పని అయిపోయింది భాయ్ సాబ్, స్టూలు ఖాళీ చెయ్యుండ్రి," అంది. "మీ ఎనక గంత మంది నిలవడ్డరు. మీరు గిట్లనే కూసుంటే మేము బోధన్‌ల తేలుతం."

వెనక్కి తిరిగి చూశాను. ముత్తవ్వ కోడళ్ల నుంచి కడాయి దాకా, పసుపు చేతులు కొంగులకు తుడుచుకుంటూ జనం వరసలో ఉన్నారు. లేచి పక్కకు జరిగాను.